పేరు లాక్కున్నారు: 'బ్లాక్యులా' (1972) సినిమా సమీక్ష

1780. ట్రాన్సిల్వేనియాలో రక్తం తాగే పిశాచి డ్రాక్యులా కోట. ఆఫ్రికా యువరాజు మమువాల్దే, భార్య లువాతో కలిసి విందుకు కూర్చున్నాడు. బానిసల వ్యాపారాన్ని ఆపించేందుకు సాయం కోరడానికి అంత దూరం వచ్చాడు. డ్రాక్యులా ఆ వ్యాపారాన్ని వెనకేసుకురావడమే కాక, లువాను సరుకును చూసినట్టు చూస్తాడు. తిరగబడ్డ యువరాజును కరిచి, 'బ్లాక్యులా' అని పేరు పెట్టి, శవపేటికలో బంధిస్తాడు. లువాను ఆ పక్కనే చావుకు వదిలేస్తాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత మమువాల్దే లాస్ ఏంజెలెస్‌లో రక్తపిశాచిగా లేస్తాడు.

నన్ను కుదిపేసింది కాటు కాదు, ఆ పేరు. మనుషులను కొన్నవాళ్లు వాళ్ల పేర్లు కూడా మార్చేసేవారు. ఇక్కడ డ్రాక్యులా చేసింది సరిగ్గా అదే. ఈ పాత్ర ఇలా మారడానికి కారణం నటుడు విలియం మార్షల్. తొలి స్క్రిప్టులో పాత్ర పేరు ఆండ్రూ బ్రౌన్. బానిస వ్యాపారాన్ని ఎదిరించే యువరాజుగా దాన్ని మార్చాలని ఆయనే పట్టుబట్టాడు. రంగస్థలం మీద షేక్‌స్పియర్ ఒథెల్లోగా పేరు తెచ్చుకున్న ఆయన గొంతు వినడానికే నేను ఈ సినిమా మూడుసార్లు చూశాను. మూడోసారి సబ్‌టైటిళ్లు తీసేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నల్లజాతి దర్శకుడు విలియం క్రెయిన్ తక్కువ డబ్బుతో తీశాడని ప్రతి సెట్టులోనూ తెలుస్తుంది. మమువాల్దే మారే గబ్బిలం అసలు నమ్మశక్యంగా లేదు. కానీ మార్షల్ నోరు విప్పితే అవేవీ గుర్తుండవు.

భయపెట్టే సన్నివేశం ఒకటుంది. మమువాల్దే కాటుకు చచ్చిన టాక్సీ డ్రైవర్ హ్వానిటా శవం మార్చురీలో లేచి, పొడవాటి నడవాలో చేతులు చాచుకుని కెమెరా మీదికే పరుగెత్తుకొస్తుంది. స్లో మోషన్‌లో ఆమె ముఖం దగ్గరవుతూనే ఉంటుంది. మూడుసార్లూ నా చేతులు బిగుసుకుపోయాయి.

ఇంత చేసిన సినిమా మరికొందరికి అన్యాయం చేసింది. శవపేటికను లాస్ ఏంజెలెస్‌కు తెచ్చేది బాబీ, బిల్లీ అనే స్వలింగ జంట. ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి. వాళ్లను నవ్వుకోవడానికి చూపించి, ఆ నగరంలో అందరికంటే ముందు చంపేశారు. తర్వాత వాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు పేరుకు బదులు తిట్టుమాట వినిపిస్తుంది. పేరు లాక్కోవడం ఎంత క్రూరమో మొదటి పది నిమిషాల్లోనే చూపించినవాళ్లు, ఇది ఎలా రాయగలిగారు? నాకు నిజంగా కోపం వచ్చింది.

టీనా విషయమూ అంతే. లాస్ ఏంజెలెస్‌లో కనిపించిన ఈమెలో భార్యను చూసుకున్న మమువాల్దే ఆమెను లువా అనే పిలుస్తాడు. ప్రేమతోనే కావచ్చు, అయినా ఆమెకూ ఒక పేరుంది కదా. వొనెట్టా మెగీ ఎంతో నిండుగా నటించింది, కానీ టీనాకు సొంతంగా ఏం కావాలో స్క్రిప్టు ఒక్కసారీ అడగలేదు. ఆ లోటు తీరడం నేను చూసింది మరుసటి ఏడాది బిల్ గన్ తీసిన 'గాంజా అండ్ హెస్'లో. అందులో ఆడమనిషి తన బతుకు తానే ఎంచుకుంటుంది.

అయినా దీన్ని చూడమనే చెబుతాను. చివర్లో టీనాను కోల్పోయిన మమువాల్దేను చంపడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వడు. మెట్టు మెట్టూ ఎక్కి, రక్తపిశాచిని చంపేసే ఎండలోకి తనంతట తానే నడుస్తాడు. ఆ నడకలో మళ్లీ యువరాజే కనిపిస్తాడు.