గట్ల మీద నాలుగు రకాల చెట్లు: మూడు వేసవుల తర్వాత ఒక నర్సరీ గురించి

అనంతపురం జిల్లాలోని మా ఎర్రనేలలో వర్షాధారంగా వేరుశనగ, కంది తప్ప మరో పంట నిలవదు కనుక, గట్ల మీదనైనా పచ్చిరొట్టకూ (పచ్చి ఆకును నేలలో కలిపే ఎరువు) మేతకూ వంటచెరకుకూ పనికివచ్చే చెట్లు పెంచాలని 2021 వానాకాలంలో దగ్గరలోని ఒక ప్రైవేటు నర్సరీ నుంచి గ్లైరిసీడియా, సుబాబుల్, అవిశ, కానుగ మొక్కలను రకానికి యాభై చొప్పున కొన్నాను. ఈ నాలుగూ ఏ నేలలోనైనా వస్తాయని నర్సరీవారు హామీ ఇచ్చారు. మూడు వేసవులు గడిచాయి కాబట్టి ఇప్పుడు ఆ హామీని తూకం వేయవచ్చు.

గ్లైరిసీడియా విషయంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను. కొమ్మ ముక్కలు చవకగా ఇస్తామన్నారు గానీ, కొమ్మతో నాటిన చెట్టుకు వేరు లోతుకు దిగదు కనుక విత్తనంతో పెంచిన మొక్కలే కావాలని పట్టుబట్టాను. దాదాపు అన్నీ బతికాయి. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ చెట్టు పేరుకు ఎలుకలను చంపేది అని అర్థమట. దాని వాసనకు అలవాటు పడని మేకలు మొదట్లో ముట్టవు కాబట్టి లేత మొక్కలకు కంచె అవసరం పడలేదు. నత్రజని పుష్కలంగా ఉన్న ఆకును పంట విత్తే ముందు కోసి దుక్కిలో కలుపుతున్నాము. అయితే మా ఎండలకు వేసవిలో ఆకు మొత్తం రాలిపోతుంది. మేతకు కటకట ఉండే ఆ నెలల్లో దీన్ని నమ్ముకోలేము. ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పవలసింది.

సుబాబుల్ వేగంగా పెరిగింది, జీవాలు ఆశగా తిన్నాయి. ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక మొత్తం మేతలో మూడో వంతు మించకుండా పెడుతున్నాము. అసలు చిక్కు కాయలతో వచ్చింది: గింజలు రాలి వేరుశనగ సాళ్లలో మొలిచి, కలుపు కూలీ పెరిగింది. కాయ ముదరకముందే నరికే ఓపిక లేనివారికి ఈ చెట్టు తగదు.

అవిశ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. నీటి తడి ఉండే తమలపాకు తోటల్లో తీగకు ఆసరాగా నిలిచే ఆ చెట్టు మా గట్టు మీద రెండో వేసవికే ఎండిపోయింది. మిగిలిన కొన్ని గాలికి విరిగాయి. వర్షాధార భూమికి దీన్ని అమ్మడం తప్పు.

కానుగ నెమ్మదిగా వచ్చింది గానీ, నా లెక్కలో ఈ నేలకు సరైన చెట్టు అదే. పశువులు ఇష్టపడవు కనుక కాపలా అక్కరలేదు, మే నెలలో చిక్కటి నీడ ఇస్తుంది, ఆకు పచ్చిరొట్టకు, గింజ నూనెకు పనికివస్తాయి. మరి నర్సరీ మీద నా ప్రధాన ఫిర్యాదు కూడా ఈ మొక్కల మీదే. చిన్న సంచుల్లో ఎక్కువ కాలం ఉంచడం వల్ల తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంది. ఆ చుట్టను కత్తిరించి నాటినవి నిలబడ్డాయి. తొందరలో అలాగే నాటిన పదిహేనింటిలో తొమ్మిది చనిపోయాయి. అడిగితే కొత్త మొక్కలు ఇవ్వలేదు, నీళ్లు సరిగా పోయలేదని నా మీదే నెట్టారు.

ధర న్యాయంగానే ఉంది, చెప్పిన రోజుకే బండి పంపారు. వచ్చే జూన్‌లో మళ్లీ అక్కడికే వెళ్తాను గానీ, గ్లైరిసీడియా, కానుగ తప్ప వేరేవి తీసుకోను. కానుగ సంచి ఒకటి విప్పి వేరు చూపించాకే డబ్బు ఇస్తాను.