8085నా, 8051నా, ఆర్డుయినోనా... ఇంటర్‌ఫేసింగ్ నేర్చుకోడానికి ఏది మేలు?

8085 మైక్రోప్రాసెసర్, 8051 మైక్రోకంట్రోలర్, ఆర్డుయినో రెడీమేడ్ మైక్రోకంట్రోలర్ బోర్డు, వీటికి బయటి పరికరాలు కలపడమే ఇంటర్‌ఫేసింగ్. ఒక్క ఎల్ఈడీ వెలిగించాలనుకోండి, ఈ మూడింట్లో ఏం చేయాల్సొస్తుందో చూస్తే తేడా సగం అక్కడే తెలిసిపోద్ది.

8085కి ఎస్ఓడీ అనే ఒక్క పిన్ను తప్ప సొంతంగా అవుట్‌పుట్ పోర్టులేం లేవు, కాబట్టి 8255 అనే పోర్టుల చిప్ తగిలించాలి, ముందు దాని కంట్రోల్ రిజిస్టర్‌కి 80హెచ్ (హెక్స్ సంఖ్య) పంపితే మూడు పోర్టులూ అవుట్‌పుట్ అవుతాయి, అప్పుడు పోర్ట్ ఏకి డేటా పంపాలి. ఇంత తతంగం ఎందుకురా బాబూ అనిపిస్తుంది గానీ అసలు సరుకు అక్కడే ఉంది. ఏఎల్ఈ (అడ్రస్ వచ్చిందని చెప్పే లైన్) పల్స్ రావడం, 74ఎల్ఎస్373 అనే లాచ్ చిప్ అడ్రస్‌లో కింది 8 బిట్లని పట్టుకోవడం, మెమరీకి కాదు పోర్టుకి అని చెప్పే ఐఓ/ఎం లైన్ హై (1) అవ్వడం, డేటా రాయమనే రైట్ లైన్ లో (0) అవ్వడం, ఇవన్నీ ఆసిలోస్కోప్ పెట్టి కళ్లారా చూడొచ్చు. ఇంకోటి, పోర్టుకి డేటా పంపే అవుట్ ఇన్‌స్ట్రక్షన్‌లో అదే పోర్ట్ అడ్రస్ పై 8 అడ్రస్ లైన్ల మీద కూడా వస్తుంది, అందుకే డీకోడర్‌ని (అడ్రస్ ఏ చిప్‌దో తేల్చేది) లాచ్ లేకుండా అక్కడ కలిపేసినా పనిచేస్తుంది. ఇలాంటివి చదివితే బుర్రకెక్కవు, వైర్లు కలిపితేనే ఎక్కుతాయి.

ఆర్డుయినో ఊనో ఆర్3లో పిన్‌మోడ్, డిజిటల్‌రైట్ అని రెండు లైన్లు, అంతే. సెన్సరో మోటరో రేపటికల్లా పనిచేయాలంటే కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి. కానీ దాన్లో ఉన్న ఏటీమెగా328పీ చిప్‌కి బయటి బస్సే (అడ్రస్, డేటా లైన్ల గుంపు) లేదు, మీరు ఎంత తవ్వినా అడ్రస్ డీకోడింగ్ కనపడదు.

8051 సంగతి చాలామంది తప్పుగా చెప్తారు, అది చిప్‌లోనే అన్నీ ఉన్న మైక్రోకంట్రోలర్ కదా బస్ ఎక్కడ తెలుస్తుంది అని. నిజమే, 4 కేబీ రోమ్, 128 బైట్ల ర్యామ్, 32 పోర్ట్ పిన్నులు, రెండు టైమర్లు, సీరియల్ పోర్టు లోపలే ఉన్నాయి, ఎల్ఈడీకి పోర్ట్ బిట్ ఒక్కటి మారిస్తే చాలు. కానీ బయటి మెమరీ కోసం ఉన్న మోవ్ఎక్స్ ఇన్‌స్ట్రక్షన్ వాడితే అదే పోర్ట్ 0 మల్టిప్లెక్స్ అయిన (వంతులవారీగా అడ్రస్, డేటా నడిచే) బస్ అయిపోద్ది, పోర్ట్ 2 పై అడ్రస్ ఇస్తుంది, ఏఎల్ఈ ఉంది, అదే 373 లాచ్ పెట్టి అదే 8255ని తగిలించొచ్చు. పోయేది ఏంటంటే ఇన్, అవుట్ ఇన్‌స్ట్రక్షన్లు, 8255ని డేటా మెమరీలా చూడాలి. డీఎంఏ (ప్రాసెసర్‌ని పక్కనపెట్టి మెమరీతో నేరుగా డేటా మార్పిడి) కోసం ఉండే హోల్డ్ లైన్ కూడా ఉండదు.

8086 అనే 16-బిట్ ప్రాసెసర్ గురించి కూడా అడుగుతారు, దాన్ని మొదటిదిగా వద్దనే నా మాట, సెగ్మెంట్లు (మెమరీని ముక్కలుగా చూసే పద్ధతి) అర్థం చేసుకునేలోపు ఇంటర్‌ఫేసింగ్ మీద ఆసక్తి పోద్ది.

కాబట్టి సిలబస్‌లో 8085 ఉంటే దాన్ని బస్ టైమింగ్ చూడ్డానికి బాగా వాడుకోండి, సొంతంగా ఒక్కటే ఎంచుకోవాలంటే మాత్రం నేను 8051కే ఓటేస్తా. బోర్డ్ తీసుకునేటప్పుడు పోర్ట్ 0, పోర్ట్ 2, ఏఎల్ఈ పిన్నులు బయటికి ఇచ్చారో లేదో చూడండి, కొన్ని బోర్డుల్లో ఎల్ఈడీలు, డిస్‌ప్లేలు వాటికే అతికించేసి ఉంటాయి. సీరియల్ పని ఉంటే క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జ్‌ది ఉండాలి, 12ది అయితే 9600 బాడ్ (సీరియల్ వేగం) సరిగ్గా రాదు. పోర్ట్ 0ని మామూలు అవుట్‌పుట్‌గా వాడితే పుల్-అప్ రెసిస్టర్లు (పిన్నుని సప్లైకి కలిపేవి) మీరే పెట్టాలి. ఎల్ఈడీని కూడా పిన్ను నుంచి గ్రౌండ్‌కి కాదు, సప్లై నుంచి రెసిస్టర్ ద్వారా పిన్నుకి కలపండి, ఆ పిన్నులు కరెంట్ ఇవ్వడంలో బాగా వీక్, లాక్కోవడంలోనే నయం.