డిష్‌వాషర్ కొంటున్నారా? డెమో కుర్రాడికి ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

డిష్‌వాషర్ మనలాంటి ఇళ్లకు దండగా, పనికొస్తుందా అని అడిగేవాళ్లందరికీ ఈ పోస్టు. పనికొస్తుంది. కానీ అమ్మేవాడు, బిగించేవాడు, రిపేరుకొచ్చేవాడు ముగ్గురూ కలిసి ఒక్క సంగతి మీకు చెప్పరు. కంపెనీ పేరు రాయట్లేదు, అడగకండి. ఈ తంతు ఏ బ్రాండుకైనా జరగొచ్చు.

షోరూంలో అన్నమాట: "బోరు నీళ్లయినా ఏం కాదు మేడం, లోపలే సాఫ్ట్‌నర్ ఉంది." సాఫ్ట్‌నర్ అంటే గట్టి నీళ్లను మెత్తబరిచే భాగం. డెమో కుర్రాడు వచ్చాడు, పైపు తగిలించాడు, ఉప్పు పోశాడు, టాబ్లెట్ వేసి బటన్ నొక్కాడు, ఓటీపీ అడిగాడు, పోయాడు. వారంటీ రెండేళ్లు. ఏడాది నిండకుండానే హీటర్ పోయింది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే.

ఇక రిపేరు మనిషి. లోపల అడుగున ఉండే ఫిల్టర్ తీశాడు, గుంట అంచు మీద వేలితో గీశాడు, తెల్ల పొడి అంటిన ఆ వేలు నా ముఖం ముందు పెట్టి, "ఈ నీళ్లకు మెషిన్ ఎవరు కొనమన్నారు మేడం?" అన్నాడు. ఎవరన్నారు నాయనా, మీవాళ్లే కదా! అదే అంటే ఫోన్ తీసి డెమో రోజు కార్డు తెరిచి చూపించాడు. "నీటి కాఠిన్యం గురించి కస్టమర్‌కు వివరించబడినది" అన్న గడిలో టిక్కు. కాఠిన్యం అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయన్న లెక్క. దాని కింద పీపీఎం (లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు) ఎంతో రాయాల్సిన చోట ఖాళీ. కింద నేను చెప్పిన ఓటీపీతో "కస్టమర్ అంగీకారం". కొలవనే లేదు, వివరించేశారట! "మీరు ఓకే చేశారు కదా మేడం, ఇది కస్టమర్ మిస్టేక్, వారంటీలో రాదు" అని, మెషిన్ మూత కూడా వెయ్యకుండా, అదే బ్యాగులోంచి నీళ్ల పైపుకి పెట్టే ఫిల్టర్ ఒకటి తీసి, "ఇది పెట్టించుకోండి, ఇకముందు ప్రాబ్లం రాదు" అని అమ్మకం మొదలెట్టాడు. ఒళ్లు మండిందంటే మండదా మరి! విజిటింగ్ ఛార్జి వేరే.

అసలు మోసం ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే వాడన్న "ఈ నీళ్లకు" అన్న మాటే అబద్ధం. మా సంపు నీళ్లు కొలిపిస్తే కాఠిన్యం 640 పీపీఎం. తాగే నీళ్లకు మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే దిక్కులేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే మావి గట్టి నీళ్లే, కాదనను. కానీ చాలా డిష్‌వాషర్లలో సాఫ్ట్‌నర్ 50 జర్మన్ డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అది కాఠిన్యానికే ఇంకో కొలత, ఒక జర్మన్ డిగ్రీ అంటే 17.8 పీపీఎం, కాబట్టి దాదాపు 890. మా 640 అంటే 36 డిగ్రీలు. మెషిన్ సుబ్బరంగా మొయ్యగలదు, పై లెవెల్‌కి సెట్ చేస్తే. మాకొచ్చిన మెషిన్ సెట్టింగ్ ఫ్యాక్టరీలో పెట్టినట్టే మధ్యలో ఉంది, 16 డిగ్రీలకు, అంటే దాదాపు 280 పీపీఎంకి సరిపడా. డెమోలో దాన్ని మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకున్నాడు మహానుభావుడు.

లోపల జరిగేది ఇది. మెషిన్ అడుగున రెజిన్ గుళికలుంటాయి. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వాటికి అంటుకుని, బదులుగా సోడియం నీళ్లలోకి వస్తుంది. కొన్ని వాష్‌లకు గుళికలు నిండిపోతాయి. అప్పుడు మెషిన్ మనం పోసిన ఉప్పు నీటితో వాటిని కడిగి మళ్లీ ఖాళీ చేసుకుంటుంది. ఎన్ని వాష్‌లకోసారి కడగాలన్నది మనం పెట్టిన లెవెల్‌ని బట్టే లెక్క. తక్కువ లెవెల్ పెడితే గుళికలు నిండిపోయినా మెషిన్‌కి తెలియదు, గట్టి నీళ్లు అలాగే హీటర్ మీదకి పోతాయి. లెక్క చూడండి: వాష్‌కి 10 లీటర్లు, 640లో 280 పోను లీటరుకి సాఫ్ట్‌నర్ దాటి వెళ్లేది 360 మిల్లీగ్రాములనుకున్నా వాష్‌కి 3.6 గ్రాములు, రోజుకోసారి వేస్తే నెలకు వంద గ్రాముల పైన సున్నం. అంతా పేరుకోదు, చాలావరకు డ్రెయిన్‌లో పోతుంది. పావు వంతు హీటర్‌కి పట్టినా చాలు, గార కట్టి వేడి నీళ్లలోకి దిగక హీటరే మాడిపోతుంది.

ఇంకో తమాషా. ఉప్పు నెలల తరబడి తగ్గకపోతే జనం "భలే ఆదా" అని మురిసిపోతారు, కస్టమర్ కేర్ వాళ్లూ "గుడ్ మేడం" అంటారు. గట్టి నీళ్లున్న ఇంట్లో ఉప్పు తగ్గట్లేదంటే సెట్టింగ్ తప్పని అర్థం. సరిగ్గా పెట్టిన మెషిన్ ఉప్పు తింటుంది, తినాలి. అలాగని వంటింట్లో అయొడైజ్డ్ ఉప్పు మాత్రం పొయ్యకండి, అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు రెజిన్‌ని పాడుచేస్తాయి. డిష్‌వాషర్ ఉప్పు అని విడిగా లావు పలుకులతో దొరుకుతుంది. మొదటిసారి మాత్రమే ఉప్పు గదిలో ముందు నీళ్లు నింపి తర్వాత ఉప్పు పొయ్యాలి, కిలో పైన పడుతుంది. ఆ తర్వాత ఉప్పొక్కటే. పోసిన వెంటనే ఒక వాష్ నడపండి, ఒలికిన ఉప్పు నీళ్లు అలాగే నిలవుంటే స్టీలు తుప్పు పడుతుంది. ఉప్పు మూత సరిగ్గా బిగియకపోతే గిన్నెలు ఉప్పగా, తెల్లగా వస్తాయి. దానికీ "నీళ్ల ప్రాబ్లం" అనే అంటారు.

"ఆల్ ఇన్ వన్ టాబ్లెట్ వేస్తే ఉప్పు అక్కర్లేదు" అనే షోరూం జ్ఞానం కూడా వినే ఉంటారు. ఆ టాబ్లెట్లు మామూలుగా 21 జర్మన్ డిగ్రీల దాకా, అంటే 370 పీపీఎం దాకానే ఆ పని చేస్తాయి. మనలో చాలామంది బోరు నీళ్లు దాని పైనే ఉండొచ్చు.

ఇక ఆ అమ్మజూపిన పైపు ఫిల్టర్ సంగతి. లోపల ఫాస్ఫేట్ గుళికలుంటాయి. అది కాఠిన్యాన్ని తీసెయ్యదు, గార గట్టిగా అంటుకోకుండా కొంత ఆపుతుంది, అంతే. వేడి పెరిగేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. డిష్‌వాషర్‌లో నీళ్లు 65, 70 డిగ్రీలకు కాగుతాయి కదా! దాన్ని అమ్మడానికి వీళ్లు టీడీఎస్ మీటర్ ముంచి అంకె చూపించి భయపెడతారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క. టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. అసలు సిసలు సాఫ్ట్‌నర్ పెట్టినా టీడీఎస్ తగ్గదు, ఎందుకంటే కాల్షియం బదులు సోడియం వచ్చి చేరుతుంది. కాఠిన్యం కొలవాలంటే టెస్ట్ స్ట్రిప్పులు కావాలి, లేదా చుక్కలు లెక్కపెట్టే కిట్. వాటర్ ల్యాబ్‌లో ఇచ్చినా సరే. అపార్టుమెంట్లలో ఒకసారి కొలిస్తే చాలదు. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్లు, బోరు, ట్యాంకర్ అన్నీ ఒకే సంపులో పడతాయి. వానాకాలం కొలిచిన అంకె ఏప్రిల్‌లో ఉండదు, ఎండాకాలం మళ్లీ కొలిచి లెవెల్ మార్చుకోవాలి. ఇంట్లో గీజర్ కాయిల్ తరచూ మార్చాల్సి వస్తోందంటే మీ నీళ్ల సంగతి అదే చెప్తోంది.

గ్లాసులు మసకబారితే సున్నమా, గాజే అరిగిందా అని తేల్చుకోవడానికి నిమ్మచెక్కతో రుద్దండి. పోతే సున్నం, లెవెల్ పెంచాలి. పోకపోతే గాజు అరిగింది, దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

నీళ్లు మెత్తనివైతే మిగతా లెక్క నిజంగానే బాగుంటుంది. ఎకో ప్రోగ్రాంకి సుమారు ఒక యూనిట్ కరెంటు, 10 లీటర్ల నీళ్లు. మూడు నాలుగు గంటలు తీసుకుంటుంది, రాత్రి వేసి పడుకోవాలి. జిడ్డు కడాయిలకు 70 డిగ్రీల ప్రోగ్రాం, యూనిట్‌న్నర దాకా. సింకులో కొళాయి తిప్పి నలుగురి అంట్లు తోమితే పోయే నీళ్లు దీనికి ఎన్నో రెట్లు. టాబ్లెట్, కరెంటు, ఉప్పు, గిన్నెలు మరకల్లేకుండా ఆరడానికి పోసే రిన్స్ ఎయిడ్ అన్నీ కలిపి మా లెక్కలో వాష్‌కి పాతిక, ముప్పై రూపాయలు, నెలకు తొమ్మిది వందల లోపు. అంట్లకు మనిషి దొరికే ఊళ్లో డబ్బు మిగలదు. మనిషి రాని రోజులు, చేతులు పగిలే ఇల్లాలు, ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇల్లు, అక్కడ దీని విలువ.

అయితే గిన్నెలన్నీ పడవు. అల్యూమినియం కుక్కర్ పెడితే నల్లగా వస్తుంది, ఆ డిటర్జెంట్‌లో క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇనప పెనం, ఇనప మూకుడు తుప్పు పడతాయి. ఇత్తడి, రాగి, చెక్క గరిటెలు, కుక్కర్ గాస్కెట్, విజిల్ ఏవీ పెట్టకూడదు. నాన్‌స్టిక్ పూత తొందరగా పోతుంది. పెద్ద సాంబారు గిన్నె ఒక్కటి పెడితే కింది అర సగం దానికే సరిపోతుంది, "13 ప్లేస్ సెట్టింగ్స్" అనే అంకె ప్లేట్లు, కప్పులు లెక్కేసి చెప్పింది, మన గిన్నెలు కాదు. స్టీలు సామాను ఎక్కువున్న ఇల్లే దీనికి తగింది.

ముందే కడిగి పెట్టక్కర్లేదు, మెతుకులు, కరివేపాకు, ఎంగిలి దులిపితే చాలు. ఫిల్టర్ మాత్రం వారానికోసారి తీసి కడగాలి. పోపులో ఆవాలు ఉన్నాయే, అవే అసలు శత్రువులు. ఫిల్టర్ సరిగ్గా బిగియకపోతే లోపల తిరుగుతూ నీళ్లు చిమ్మే స్ప్రే చేతుల చిల్లుల్లో ఇరుక్కుంటాయి, పై అర గిన్నెలకు నీళ్లు చేరవు. స్ప్రే చెయ్యి తీసి సూదితో పొడిచి కడగాలి. నీళ్లు ఎక్కే పైపు మొదట్లో చిన్న జల్లెడ ఉంటుంది, ట్యాంకర్ నీళ్లలో ఇసుక దాన్ని మూసేస్తుంది. కొళాయి కట్టేసి దాన్నీ కడగండి. సామాన్లు తోమే లిక్విడ్ పొరపాటున కూడా పొయ్యొద్దు, నురగ పొంగి కిందికి కారితే లీకేజీ అనుకుని మెషిన్ ఆగిపోతుంది.

పై అంతస్తు వాళ్లకు ఇంకో మెలిక. చాలా మెషిన్లకు కనీసం 0.5 బార్ ప్రెషర్ కావాలి, అంటే ట్యాంకు నీటిమట్టం కొళాయికి కనీసం ఐదు మీటర్ల ఎత్తున ఉండాలి. నెత్తి మీదే ట్యాంకున్న ఇంట్లో మూడు మీటర్లు కూడా ఉండదు, నీళ్లు రావట్లేదని ఎర్రర్ చూపిస్తుంది. ప్రెషర్ పంపు తప్పదు. ఇదీ కొన్నాకే చెప్తారు.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే: కొనే ముందే స్ట్రిప్పుతో నీళ్లు కొలవండి. "బోరు నీళ్లకు పనికొస్తుంది" అన్న మాట నోటితో కాదు, వాట్సాప్‌లో రాయించుకోండి. డెమో కుర్రాడు మీ కళ్ల ముందు కాఠిన్యం కొలిచి, లెవెల్ మార్చి, కార్డు మీద పీపీఎం అంకె రాసేదాకా ఓటీపీ చెప్పకండి. డిస్‌ప్లే మీద లెవెల్ ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే బిగించి ఉంటే మాన్యువల్‌లో "వాటర్ హార్డ్‌నెస్" పేజీ తీసి ఈ రాత్రే చూసుకోండి. వారంటీ కాదంటే కారణం ఉద్యోగి పేరుతో రాతపూర్వకంగా అడగండి, ఆ మాట అనగానే సగంమంది గొంతు మారుతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్లలోపు వెయ్యాలి. నా ఫిర్యాదు వెళ్లింది. ఖాళీ గడి ఉన్న ఆ కార్డు స్క్రీన్‌షాట్ కూడా జతచేశాను. రిపేరు మనిషి దాన్ని తనే చూపించాడు కదా, అప్పుడే ఫోటో తీసుకున్నాను.