చైక్సీ పెట్టాలా, థాప్సస్ పెట్టాలా?

అమెరికాలో ఇల్లు కొని, ఎండ బాగా పడే పెరట్లో పసుపు పూల ముల్లెయిన్ వేద్దామనుకునేవాళ్ళు ముందు ఏ ముల్లెయిన్ అన్నది చూసుకోండి. చైక్సీ, థాప్సస్ అనేవి ఈ మొక్కలో రెండు రకాలు. రోడ్ల పక్కన మనిషి ఎత్తున, దుడ్డుకర్రలా నిలబడి కనిపించేది థాప్సస్. దాని ఆయుష్షు రెండేళ్ళే: మొదటి ఏడాది నేలకి అతుక్కుని దుప్పటిలా మెత్తటి ఆకులేస్తుంది, రెండో ఏడాది ఆరడుగులో, ఇంకా ఎక్కువో పెరిగి పూసి చచ్చిపోతుంది. పోతూ పోతూ ఒక్క మొక్కే లక్షకి పైగా గింజలు రాల్చగలదు. ఆ గింజలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. 1879లో మిషిగన్‌లో సీసాలో పెట్టి పాతేసిన గింజల్లో దీని చుట్టం బ్లట్టారియా 2000లో కూడా మొలిచింది, ఇక మీరే ఆలోచించుకోండి. కొలరాడోలో థాప్సస్‌ని హానికర కలుపు జాబితాలో కూడా చేర్చారు.

చైక్సీ అలా కాదు. ఏటేటా అదే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది, మూడడుగుల దగ్గర ఆగుతుంది, పసుపు పూల మధ్యలో ఊదారంగు కేసరాలు (దగ్గరికెళ్ళి చూస్తేనే దాని అందం తెలిసేది). థాప్సస్ కంకి మీద ఒక్కసారికి నాలుగైదు పూలే విచ్చుకుంటాయి, మిగతాదంతా బోసిగా ఉంటుంది. చైక్సీ కూడా గింజ రాలుస్తుంది గానీ, వాడిన కంకి కోసేస్తే టెన్షన్ లేదు.

నీళ్ళు నిలిస్తే మాత్రం రెండూ కుళ్ళిపోతాయి. నా ఓటు చైక్సీకే. తల్లివేరు లోతుకి దిగుతుంది, తర్వాత పీకి మార్చడం కష్టం, అందుకే చోటు ముందే ఖాయం చేసుకోండి.