డ్రాకెన్స్‌బర్గ్: సింహాలు లేని ఆఫ్రికా

"ఆఫ్రికా దాకా వెళ్ళి సింహాన్ని చూడకుండా వచ్చారా వదినా!" మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. నిజమే, చూడలేదు. మేం వెళ్ళింది దక్షిణాఫ్రికాలో డర్బన్‌కు పడమరగా ఉన్న డ్రాకెన్స్‌బర్గ్ కొండలకు. అక్కడ సింహాలుండవు, ఏనుగులుండవు. "అక్కా, అక్కడ కారులో కూర్చుంటే ఏమీ కనబడదు, నడవాలి" అని జోహానెస్‌బర్గ్‌లో ఉండే మా తమ్ముడు ముందే చెప్పాడు. నా మోకాళ్ళ సంగతి వాడికి తెలుసు, అయినా చెప్పాడు.

మార్చిలో డర్బన్‌లో దిగి కారు అద్దెకు తీసుకున్నాం. అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. హైవే అద్దంలా ఉంది. హైవే దిగాక గుంతలు, రోడ్డుకు అడ్డంగా ఆవులు. మా వారికి సొంత జిల్లాకు వచ్చినట్టే ఉంది.

మొదటి మజిలీ రాయల్ నాటల్ పార్కులోని తెండెలే క్యాంపు. డర్బన్ నుంచి దాదాపు 250 కిలోమీటర్లు. గడ్డి కప్పిన కాటేజీలు, లోపల వంటిల్లు. హోటల్ లేదు, మనమే వండుకోవాలి. కందిపప్పు, చింతపండు డర్బన్‌లోనే కొనేశాం. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి మనవాళ్ళను ఓడల్లో తీసుకెళ్ళిన ఊరు కదా, మసాలా కొట్లకు కొదవలేదు. ఒక కొట్టు బోర్డు మీద 'నాయుడు' అని చూసి లోపలికెళ్ళి తెలుగులో పలకరించాను. ఆవిడ నవ్వి ఇంగ్లీషులో జవాబిచ్చింది.

తెండెలేలో తలుపు తీస్తే ఎదురుగా ఆంఫీథియేటర్. ఐదు కిలోమీటర్ల పొడవున అర్ధచంద్రాకారంలో నిలబడ్డ నల్లరాతి గోడ. పొద్దున ఎండ పడగానే అది ఎర్రబడుతుంది, పది నిమిషాల్లో మామూలు రంగుకు వచ్చేస్తుంది. రెండు రోజులూ కాఫీ గ్లాసుతో అరుగు మీదే కూర్చున్నాను. రెండో రోజు ఒక బబూన్ (అక్కడి పెద్ద కోతి) కిటికీలోంచి దూరి బ్రెడ్డు ప్యాకెట్టు ఎత్తుకుపోయింది. తప్పు మాదే. కిటికీలు మూయమని గోడ మీద రాసే ఉంది.

ఆ గోడ పైనుంచే టుగేలా జలపాతం ఐదు అంచెలుగా 948 మీటర్లు కిందికి దూకుతుంది. లోయలోంచి నడిచివెళితే రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు. చాలా దూరం తేలిక దారే, చివర్లో బండరాళ్ళు, ఒక ఇనుప నిచ్చెన. నిచ్చెన దగ్గర నేను ఆగిపోయి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. మా వారూ అబ్బాయీ ఎక్కారు. తెల్లవారగానే బయల్దేరడం మంచిది. వర్షాకాలంలో మధ్యాహ్నం దాటితే ఉరుములు మొదలవుతాయి, ఆ లోయలో ఉరుము వింటే గుండె జారిపోతుంది.

తర్వాత మధ్య డ్రాకెన్స్‌బర్గ్‌లో ఒక రిసార్టు. డబ్బులు దండగ. 'కొండ కనిపించే గది' అని తెండెలే కంటే ఎక్కువే తీసుకున్నారు. కర్టెన్ తీస్తే పార్కింగు. అడిగితే, బాత్రూం కిటికీలోంచి కనిపిస్తుందన్నారు! శాకాహారం అంటే ఉడికించిన కూరగాయలే. దగ్గర్లో డ్రాకెన్స్‌బర్గ్ బాయ్స్ క్వయర్ అని పాటల బడి ఉంది, బడి నడిచే రోజుల్లో బుధవారం కచేరీ. మేం గురువారం చేరాం.

ఆ కొండల్లోనే ఉన్న జెయింట్స్ కాసిల్ అభయారణ్యం మాత్రం బాకీ తీర్చేసింది. కొండ అంచున రాళ్ళతో కట్టిన చిన్న గదిలో దాక్కుని గడ్డపు రాబందుల్ని చూడొచ్చు, ముందే బుక్ చేసుకోవాలి. బయట ఎముకలు పరిచి ఎదురుచూడ్డమే. మూడు గంటల్లో వచ్చింది ఒక్కటే. రెక్కలు విప్పితే రెండున్నర మీటర్లకు పైనే, మన కళ్ళకు సమానంగా తేలుతూ పోయింది. ఇది పెద్ద ఎముకల్ని పైనుంచి రాళ్ళ మీద పడేసి, పగిలిన ముక్కల్ని మింగుతుంది. దిగేటప్పుడు రాళ్ళ మీద డాసీలు కనిపించాయి. కుందేలంత ఉండే ఈ జంతువు ఏనుగుకు దగ్గర చుట్టమట. మా ఆడపడుచుకు చూపించడానికి ఫొటో తీసుకున్నాను.

అక్కడే గుహల్లో ఆ ప్రాంతపు ఆదివాసులైన సాన్ జాతివాళ్ళు గీసిన బొమ్మలున్నాయి. ఎక్కువగా ఎలాండ్‌లే, అంటే మన ఎద్దుకంటే పెద్ద జింకలు. గైడు లేకుండా వెళ్ళనివ్వరు. ఆ గైడు తొందరపెట్టకుండా ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చెప్పింది. ఈ కొండలకు 2000లో యునెస్కో వారసత్వ గుర్తింపు రావడంలో ఈ బొమ్మలకూ వాటా ఉంది.

అందరూ పొగిడే సాని పాస్‌కు వెళ్ళలేదు. ఆ ఘాట్ ఎక్కితే 2,800 మీటర్లు దాటిన ఎత్తులో లెసోతో దేశం వస్తుంది. మన పాస్‌పోర్టుకు ఆ దేశం వీసా కావాలి. పైగా దక్షిణాఫ్రికా వీసాలో మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, మాకది లేదు. ఇది ఇండియాలో ఉన్నప్పుడే చూసుకోండి.

మళ్ళీ వెళితే రిసార్టు మానేసి తెండెలేలో నాలుగు రాత్రులుంటాను. వేసవి అని స్వెట్టర్లు వదిలేసి వెళ్ళాం, రాత్రుళ్ళు దుప్పట్లు కప్పుకుని వంట చేశాను. ఇంగువ కూడా మర్చిపోకండి.