ఒకటే గేరుతో లెడ్‌విల్ నూరు మైళ్లు

"గేర్లు కూడా లేని సైకిలుకి అంత డబ్బు పోశావా?" అని నాన్న ఫోన్లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. తెనాలి పక్క పల్లెలో ఆయన జీవితమంతా తొక్కింది గేర్లు లేని హెర్క్యులిస్సే. దాని మీద యూరియా బస్తాలు కూడా మోశారు. ఆ రకం సైకిలునే కొండలెక్కడానికి కొనుక్కుని, దాంతో రేసుకెళ్తున్నానంటే నవ్వక ఏం చేస్తారు?

రేసు పేరు లెడ్‌విల్ ట్రైల్ 100. అమెరికాలో కొలరాడో కొండల మధ్య 10,000 అడుగులకు పైన ఉన్న పాత గని ఊరు లెడ్‌విల్. ఒకప్పుడు వెండితో వెలిగింది. 1982లో పక్కనున్న క్లైమాక్స్ మాలిబ్డినం గని మూతపడి ఊరు ఊరంతా ఉద్యోగాలు పోగొట్టుకుంది. గనిలో పనిచేసిన కెన్ క్లౌబర్ అనే ఆయన, జనం వచ్చి ఒక రాత్రయినా ఊళ్లో ఉండేలా ఏదో ఒకటి చేయాలని 1983లో నూరు మైళ్ల పరుగు పెట్టించారు. సైకిలు రేసు 1994లో మొదలైంది. ఇప్పుడు చాలామందికి లాటరీలో పేరు తగిలితేనే చోటు. దారి మొత్తం 104 మైళ్ల దాకా ఉంటుంది, అంటే సుమారు 167 కిలోమీటర్లు. వెళ్లిన దారినే తిరిగి రావాలి. 12 గంటల్లోపు వస్తే బెల్టుకు పెట్టుకునే వెండి రంగు బిళ్ల ఇస్తారు.

మేముండేది డెన్వర్ శివార్లలో. అక్కణ్ణుంచి రెండు గంటల ప్రయాణం. ఐజన్‌హోవర్ టన్నెల్ దాటి, కాపర్ మౌంటెన్ దగ్గర హైవే దిగి, ఫ్రీమాంట్ పాస్ ఎక్కితే ఆ క్లైమాక్స్ గని పక్కనుంచే రోడ్డు.

బస విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. రేసు వారంలో ఊళ్లో అద్దెలు కొండెక్కి కూర్చుంటాయి. "స్టార్ట్ లైనుకి రెండు నిమిషాలు" అని రాసుంటే ఒక ఇల్లు తీసుకున్నాం, కనీసం మూడు రాత్రులు తీసుకోవాలట. ఆ రెండు నిమిషాలు కారులో అని చేరాక తెలిసింది. హీటరు పనిచేయలేదు. ఓనరుకి మెసేజ్ పెడితే "ఆగస్టులో హీటరెందుకు?" అని జవాబు. ఆగస్టయినా తెల్లారుజామున నాలుగైదు డిగ్రీలే.

అసలు కష్టం వంటింట్లో వచ్చింది. రేసుకి పులిహోర కట్టుకెళ్దామని బియ్యం, చింతపండు గుజ్జు అన్నీ సర్దుకున్నాం గానీ ప్రెషర్ కుక్కరు మర్చిపోయాం. అంత ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో బియ్యం తెర్లుతూనే ఉంది, ఉడకదు. ముప్పావు గంటయ్యాక మా ఆవిడ ఒక మెతుకు నొక్కి చూసి, "పైన జావ, లోపల పలుకు" అంది. ఇంకో రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూత మీద బరువు కోసం ఆ ఇంట్లో దొరికిన రాయి పెట్టి, ఎలాగో ఉడికించింది. నాకు ఆ వారం మొత్తంలో ఉపయోగపడిన సర్వీసు అదే.

రేసుకొచ్చిన ఒక ఫ్రెండు ఊళ్లోని హాస్టల్లో బంక్ బెడ్ తీసుకున్నాడు. మా అద్దెలో నాలుగో వంతు కూడా కాలేదు వాడికి. అందరికీ కలిపి పెద్ద వంటిల్లు, వరండా నిండా సైకిళ్లు, రేసు ఇంతకుముందు చేసినవాళ్ల కబుర్లు. గురక భరించగలిగితే ఒంటరిగా వెళ్లేవాళ్లకి అంతకన్నా మంచి చోటు లేదు. టెంటు ఉంటే టర్కాయిస్ లేక్ చుట్టూ అటవీ శాఖ క్యాంప్ గ్రౌండ్లున్నాయి. చెరువు అందం సరే, చలి గుర్తుపెట్టుకోండి. కుటుంబంతో వెళ్తే మాత్రం దక్షిణాన ఉన్న బ్యూనా విస్టాలో దిగమంటాను. 8,000 అడుగులే కాబట్టి నిద్ర పడుతుంది. లెడ్‌విల్లో మొదటి రాత్రి నాకు గంటకోసారి ఊపిరాడనట్టు మెలకువ వచ్చింది.

ఇక సైకిలు. ముందు పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 32 పళ్లు, వెనక చక్రం మీది కాగ్‌కి 20. ఈ లెక్క కోసం రెండు నెలలు టెన్షన్ పడ్డాను. పళ్ల లెక్క కాస్త బరువైతే కొండ మీద మోకాళ్లు పోతాయి, తేలికైతే చదునులో అందరూ దాటిపోతారు. నా లెక్కలో నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకి 20 కిలోమీటర్లు, అంతే. 12 గంటల్లో రావాలంటే సగటున 14 చాలు కాబట్టి కాగితం మీద బాగానే ఉంది.

ఉదయం ఆరున్నరకి తుపాకీ పేల్చి వదిలారు. కొత్తవాళ్లం వెనక వరసల్లో. మొదటి ఎక్కుడు సెయింట్ కెవిన్స్‌లో ముందంతా జనం. గేర్లున్నవాళ్లు చిన్న గేరు వేసుకుని తాపీగా ఎక్కుతున్నారు. నా సైకిలుకి నెమ్మదిగా ఎక్కడం రాదు. వేగం తగ్గిందంటే పెడలు ఆగిపోతుంది, దిగాల్సిందే. "ఎడమ నుంచి వస్తున్నా" అని అరుచుకుంటూ సందు దొరికిన చోటల్లా దూరాను. కొందరు విసుక్కున్నారు, సైకిలు చూశాక పక్కకి జరిగారు.

అక్కడే ఇంకో గొడవ. రేసుకి ముందు డెన్వర్‌లో ఒక షాపులో సర్వీసు చేయించాను. సింగిల్ స్పీడులో వెనక చక్రాన్ని కాస్త ముందుకీ వెనక్కీ జరిపి చెయిన్ బిగిస్తారు. ఆ బోల్టులు సరిగ్గా బిగించలేదు వాళ్లు. లేచి నిలబడి గట్టిగా తొక్కేసరికి చక్రం వంకరపోయి టైరు ఫ్రేముకి రాసుకుంది. పక్కకి దిగి, చలికి మొద్దుబారిన వేళ్లతో అలెన్ కీ పట్టుకుని, బొటనవేలితో చక్రం వెనక్కి లాగి బిగించాను. ఆరు నిమిషాలు పోయాయి. షాపు నుంచి తెచ్చాక ఆ రెండు బోల్టులు మీ చేత్తో ఒకసారి చూసుకోండి, దయచేసి.

పవర్‌లైన్ అనే దిగుడు, పేరుకు తగ్గట్టే కరెంటు తీగల కింద వాన నీటికి కోసుకుపోయిన గాడులతో ఉంటుంది. దిగేశాక పైప్‌లైన్ అనే చోటు నుంచి ట్విన్ లేక్స్ దాకా చాలావరకు చదును. అక్కడ తెలిసింది నా 32 బై 20 సంగతి. జనం పది మంది చొప్పున ఒకరి వెనక ఒకరు గాలి కాచుకుంటూ దూసుకుపోతుంటే, నేను కుట్టుమిషను తొక్కినట్టు కాళ్లాడిస్తూ అక్కడే ఉన్నాను. ట్విన్ లేక్స్ ఆనకట్ట దగ్గరికి పదీ అయిదుకు చేరాను. రేకుల పందిళ్లూ కుర్చీలూ, పెళ్లి విడిదిలా ఉంది. కారు పార్కింగ్ దూరంగా దొరికి మా ఆవిడ సంచీ, కుర్చీ మోసుకుంటూ మైలు నడిచిందట. మీ వాళ్లని తెల్లారే పంపించండి.

కొలంబైన్ ఎక్కుడు సుమారు 3,000 అడుగులు. పైన గని దగ్గర ఎత్తు 12,400 దాటుతుంది. కింద సగం ఆస్పెన్ చెట్ల మధ్య మంచి మట్టి రోడ్డు, నా గేరుకి సరిగ్గా సరిపోయింది. చెట్లు అయిపోయాక రాళ్లు. అక్కడ గేర్లున్నా లేకపోయినా అందరూ సైకిలు తోసుకుంటూ చీమల బారులా నడుస్తున్నారు. ఎదురుగా దిగేవాళ్లు రివ్వున వస్తుంటారు, కుడివైపు అంచు వదలకూడదు. పైన వాలంటీర్లు కప్పులో వేడి సూప్ పోసిచ్చారు. ఏం సూపో తెలీదు గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దారిలోని ఎయిడ్ స్టేషన్లన్నిటికీ నేను వంక పెట్టలేను. పుచ్చకాయ, అరటిపండు, నీళ్లు ఎక్కడా తక్కువ కాలేదు. సీసా నేను మూత తీసేలోపు ఎవరో నింపేసేవారు.

పులిహోర తిన్నది దిగాక, ట్విన్ లేక్స్‌లో. మా ఆవిడ చిన్న ఉండలు చేసి ఫాయిల్లో చుట్టింది. అప్పటికి శక్తి కోసం తినే తీపి జెల్‌లు చూస్తేనే వాంతొచ్చేలా ఉంది. ఉప్పూ పులుపూ నాలిక్కి తగలగానే ప్రాణం లేచొచ్చింది. పలుకులు అక్కడక్కడా ఉన్నాయి, చెప్పలేదు.

తిరుగు దారిలో 80 మైళ్లు తొక్కిన కాళ్లతో పవర్‌లైన్ ఎక్కాలి. పూర్తిగా నడిచాను. వర్షం, కాసేపు వడగళ్లు. ఎవరో ఊరివాళ్లు గొడుగు కింద నిలబడి చిన్న కప్పుల్లో కోక్ పంచుతున్నారు. చివర్లో బులవార్డ్ అనే మట్టి ఎక్కుడు, ఆ తర్వాత ఆరో వీధి, ఎర్ర తివాచీ. 11 గంటల 41 నిమిషాలు.

మర్నాడు బిళ్ల చేతికిచ్చారు. రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. ముందుకీ వెనక్కీ తిప్పమని చూసి, "బాగానే ఉంది గానీ ఒరేయ్, వెనక కాగ్ ఎన్ని పళ్లన్నావ్?" అన్నారు. ఇరవై అన్నాను. "మన హెర్క్యులిస్‌కి పద్దెనిమిది" అని ఫోను అమ్మకిచ్చేశారు.