కోప్పడే సారు, నవ్వించే సారు: ట్యూషన్‌కి ఎవరి దగ్గర వేస్తే మేలు?

జూన్ వచ్చిందంటే మా వీధిలో ఇదే చర్చ. "లెక్కల ట్యూషన్‌కి ఏ సారు దగ్గర వెయ్యమంటారు? ఆయనేమో కోపిష్టి, ఈయనేమో సరదా మనిషి." పదో తరగతికొచ్చిన మా అమ్మాయి కోసం ఈసారి నేనూ ఆ ఇద్దరి మధ్యే ఊగిసలాడాను.

కోపిష్టి సారు దగ్గర హోంవర్కు ఎగ్గొట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. చిక్కేమిటంటే, అర్థం కాలేదని చెప్పే ధైర్యమూ ఉండదు. (కోపమంటే అరుపు వరకే. కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం బళ్ళలో నిషేధించింది.)

సరదా సారు దగ్గరికి పిల్లలు పరిగెత్తుకెళ్తారు. నిజం చెప్పాలంటే నాకూ మొదట ఆయనే నచ్చారు. కానీ అమెరికా వైమానిక దళ అకాడమీ మీద 2010లో వచ్చిన ఒక పరిశోధన గుర్తొచ్చి ఆగాను. అక్కడ ఎవరి సెక్షన్‌లో పడాలో విద్యార్థి చేతిలో ఉండదు, పరీక్ష పేపరు అందరికీ ఒకటే. విద్యార్థులు బాగా మెచ్చుకున్న అధ్యాపకుల దగ్గర కాలిక్యులస్ అనే లెక్కల కోర్సు చదివినవాళ్ళకి ఆ కోర్సులో మార్కులు బాగానే వచ్చాయి. దాని మీద ఆధారపడ్డ పైకోర్సుల్లో మాత్రం వాళ్ళే వెనకబడ్డారు. ఆస్ట్రేలియా హైస్కూళ్ళ మీద 2018లో వచ్చిన ఇంకో అధ్యయనమూ ఆలోచనలో పడేసింది: టీచరు స్వభావానికీ పిల్లల ఆత్మవిశ్వాసానికీ ముడి కనబడింది గాని, మార్కులతో కనబడలేదు.

అందుకే నేను మనిషిని వదిలేసి నోటుబుక్కులు చూశాను. ఇద్దరి దగ్గరా నిరుడు చదివిన పిల్లల్ని బతిమాలి తెప్పించుకున్నాను. సరదా సారు పుస్తకంలో పేజీకో టిక్కు, కింద 'గుడ్'. తప్పు చేసిన లెక్కకీ టిక్కే. కోపిష్టి సారు పుస్తకంలో మైనస్ ప్లస్ అయిపోయిన ఆ ఒక్క మెట్టు చుట్టూ ఎర్ర సున్నా, పక్కన 'ఇక్కణ్ణుంచి మళ్ళీ', మర్నాటి తేదీతో అదే లెక్క సరిగ్గా చేసి ఉంది. నా లెక్కలో తేడా అంతా అక్కడే ఉంది. నవ్వుతూ అలా దిద్దే సారు దొరికితే ఆయన దగ్గరే వేసేవాణ్ణి.

ఆన్‌లైన్ వీడియోల సంగతా? చెప్పడం బ్రహ్మాండం. నోటుబుక్కు ఎవరు దిద్దుతారు?

కోపిష్టి సారు దగ్గరే వేశాను, మూడు వారాలైంది. మా అమ్మాయి సందేహాలన్నీ ఆయన్ని అడగలేక నా దగ్గరికి తెస్తోంది. నాకా, త్రికోణమితి ఒక్క ముక్క గుర్తులేదు.